ఆర్‌ఎస్‌వీ: తల్లికి టీకానా, బిడ్డకు సూదా?

ఎనిమిదో నెల చెకప్‌కి వెళ్లిన గర్భిణిని అమెరికాలో డాక్టర్లు అడిగే ప్రశ్న ఒకటుంది: ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్, పసివాళ్ల ఊపిరితిత్తుల మీద పడే వైరస్) టీకా మీరు వేయించుకుంటారా, పుట్టాక బిడ్డకు సూది వేయిస్తారా? అక్కడున్న మన అమ్మాయిలు ఇంటికి ఫోన్ చేసి అడిగితే అమ్మకీ అత్తగారికీ ఆ పేరే కొత్త. మన దేశపు సార్వత్రిక టీకాల పట్టికలో అది లేదు కాబట్టి వింతేమీ లేదు. "న్యుమోనియా టీకా ఎలాగూ వేయిస్తాంగా" అని సర్దుకునేవాళ్లూ ఉంటారు. ఆ పీసీవీ టీకా న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా కోసం. పెంటావాలెంట్‌లో ఉండే హిబ్ భాగం ఇంకో బ్యాక్టీరియా కోసం. ఆర్‌ఎస్‌వీ వైరస్. ఆ రెండూ దీన్ని ఆపలేవు.

రెండు దారుల్లో ఏది మంచిదో తేల్చుకునే ముందు ఒక సంగతి పట్టుకోవాలి. తల్లికి వేసే టీకా అయినా, బిడ్డకు వేసే సూది అయినా బిడ్డ ఒంటికి వైరస్‌తో పోరాడటం నేర్పదు. తయారైన యాంటీబాడీలను బిడ్డకు అరువిస్తుంది, అంతే. అరువుకు గడువుంటుంది. అందుకే ఈ విషయంలో అంతా తేదీల లెక్కే: ఎన్నో వారం, ఏ నెల, బిడ్డ ఎన్ని కిలోలు, కాన్పుకు ఎన్ని రోజుల ముందు. లెక్క తప్పితే మంచి మందు కూడా సగమే పనిచేస్తుంది.

పసివాళ్లకే ఎందుకంత ప్రమాదం

వైరస్ పాతదే. 1956లో చింపాంజీల జలుబులో దొరికింది. మరుసటి ఏడాదే రాబర్ట్ చానాక్ బృందం దాన్ని పసిపిల్లల్లోనూ కనిపెట్టింది. రెండేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఒకసారైనా సోకుతుంది. మూడేళ్ల అన్నకు ముక్కు కారి నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. అదే వైరస్ రెండు నెలల తమ్ముడికి అంటుకుంటే కథ వేరు.

ఊపిరితిత్తుల చివర ఉండే సన్నని గాలి గొట్టాల లోపొర మీద వైరస్ పెరుగుతుంది. చచ్చిన కణాలు, చీమిడి, వాపు కలిసి గొట్టాన్ని మూసేస్తాయి. దీన్నే బ్రాంకియోలైటిస్ అంటారు. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే గాలికి అడ్డు రెండింతలు కాదు, దాదాపు 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్ల గొట్టంలో ఆ కాస్త వాపు లెక్కలోకి రాదు. పసివాడి గొట్టమే సన్నం, అందులో ఆ వాపు ఊపిరినే ఆపేయగలదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో ఒక్కోసారి దగ్గు, ఆయాసం కన్నా ముందే ఊపిరి కొన్ని సెకన్లు ఆగిపోవడం మొదటి లక్షణంగా కనబడుతుంది.

2019 సంవత్సరానికి వేసిన ప్రపంచ అంచనాలో ఐదేళ్లలోపు పిల్లల్లో 3.3 కోట్ల శ్వాసకోశ జబ్బులకు, 36 లక్షల ఆస్పత్రి చేరికలకు, లక్ష పైచిలుకు మరణాలకు ఆర్‌ఎస్‌వీ కారణం. ఆ మరణాల్లో 45 వేలకు పైగా ఆర్నెల్ల లోపు బిడ్డలవే. ఐదేళ్లలోపు మరణాల్లో నూటికి 97 పేద, మధ్యాదాయ దేశాల్లో జరిగాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లకో, నెలలు తక్కువ పుట్టినవాళ్లకో వచ్చే సమస్య అనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో ఆర్‌ఎస్‌వీతో ఆస్పత్రిలో చేరిన రెండేళ్లలోపు పిల్లల్లో ఐదుగురిలో నలుగురికి అంతకుముందు ఏ జబ్బూ లేదు.

జబ్బు వచ్చాక వైరస్‌ను చంపడానికి మామూలుగా వాడే మందంటూ చేతిలో ఏమీ లేదు. ఆక్సిజన్ పెట్టడం, ముక్కు శుభ్రం చేయడం, పాలు తాగలేకపోతే గొట్టం ద్వారానో సెలైన్ ద్వారానో నీటి శాతం పడిపోకుండా చూడటం, ఇవే చికిత్స. సాల్బుటమాల్ నెబ్యులైజర్, స్టెరాయిడ్లు మామూలు బ్రాంకియోలైటిస్‌లో మేలు చేస్తాయని పరీక్షల్లో తేలలేదు. వైరస్ మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు. అయినా మన దగ్గర ఆ మూడూ కలిసే చీటీ మీదికి ఎక్కుతుంటాయి.

బిడ్డకే టీకా వేస్తే సరిపోదా?

వేసి చూశారు. 1966లో అమెరికాలో ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌ను పసిపిల్లలకు టీకాగా ఇచ్చారు. ఆ తర్వాతి సీజన్‌లో, అంటే వైరస్ విరివిగా తిరిగే నెలల్లో, ఒక బృందంలో టీకా పొంది, వైరస్ సోకిన 20 మందిలో 16 మంది ఆస్పత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. ఈ టీకా వేయని పిల్లల్లో సోకిన 21 మందిలో ఆస్పత్రికి వెళ్లింది ఒక్కరే. కాపాడాల్సిన టీకా జబ్బును ముదరబెట్టింది. ఆ దెబ్బతో ఈ పరిశోధన దశాబ్దాలు వెనక్కి పోయింది.

ఎందుకలా జరిగిందో నెమ్మదిగా తెలిసింది. కణంలోకి చొరబడటానికి వైరస్ వాడే ఎఫ్ ప్రొటీన్‌కు రెండు రూపాలుంటాయి, కణానికి అతుక్కోకముందు ఒకటి, అతుక్కున్నాక ఇంకొకటి. మొదటి రూపం నిలకడ లేనిది, ఊరికే రెండోదానిలోకి మారిపోతుంది. ఫార్మలిన్ టీకాలో ఉన్నది చాలావరకు ఆ మారిపోయిన రూపమే. దాన్ని చూసి తయారైన యాంటీబాడీలు వైరస్‌కు అతుక్కున్నాయి గానీ దాన్ని ఆపలేదు. పైగా ఊపిరితిత్తుల్లో మంటను పెంచాయి. 2013లో జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహం, పీటర్ క్వాంగ్‌ల బృందం మొదటి రూపం నిర్మాణాన్ని తేల్చింది. కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి, అది మారిపోకుండా బిగించే పద్ధతినీ చూపించింది. ఇప్పటి ఆర్‌ఎస్‌వీ టీకాలు ఆ పని మీదే నిలబడ్డాయి. కోవిడ్ టీకాల్లో స్పైక్ ప్రొటీన్‌ను బిగించిందీ ఇదే ఆలోచనతో.

అయినా పసిబిడ్డకు నేరుగా టీకా ఇవ్వడం ఇంకా తేలని సమస్యే. 2024లో మోడెర్నా ఎంఆర్‌ఎన్‌ఏ టీకా ప్రయోగంలో, టీకా వేసిన శిశువుల్లో తీవ్ర జబ్బు కేసులు ఎక్కువగా కనబడటంతో దాన్ని ఆపేశారు. ఆ వయసు పిల్లల మీద ఇలాంటి ప్రయోగాలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడ్డుకట్ట వేసింది. యాంటీబాడీలనే తెచ్చి ఇచ్చే దారిలో ఈ గండం లేదు. బిడ్డకు సూదిగా వేసే యాంటీబాడీ నిర్సెవిమాబ్ ప్రయోగాల్లో పాల్గొన్న పిల్లలను రెండో సీజన్ దాకా గమనించారు. 1966 నాటి లాంటి ముదురుడు కనబడలేదు.

బిడ్డకు వేసే సూది

ఈ రకంలో మొదట నిలదొక్కుకున్నది పాలివిజుమాబ్, 1998లో వచ్చింది. కిలోకు 15 మి.గ్రా. చొప్పున నెలకొకసారి, సీజన్ మొత్తానికి ఐదు సూదులు. ఖరీదు, అవస్థ రెండూ ఎక్కువ కావడంతో నెలలు బాగా తక్కువ పుట్టినవాళ్లకు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు మాత్రమే పరిమితమైంది.

నిర్సెవిమాబ్, అమ్మకం పేరు బేఫోర్టస్, ఆ లెక్క మార్చింది. మామూలు యాంటీబాడీ రక్తంలో సుమారు 3 వారాలకు సగమవుతుంది. కణాల లోపలికి వెళ్లిన యాంటీబాడీని అరిగిపోకుండా పట్టి మళ్లీ రక్తంలోకి వదిలే గ్రాహకం ఒకటి మన ఒంట్లో ఉంది. నిర్సెవిమాబ్ తోక భాగంలో మూడు అమైనో ఆమ్లాలు మార్చడంతో అది ఆ గ్రాహకానికి గట్టిగా అతుక్కుంటుంది. దాంతో సగమవడానికి పట్టే కాలం 70 రోజుల దాకా పెరిగింది. అలా ఒక్క సూది కనీసం ఐదు నెలలు కాస్తుంది.

మోతాదు బరువును బట్టి. 5 కిలోల లోపు బిడ్డకు 50 మి.గ్రా., అంటే అర మి.లీ. 5 కిలోలు, ఆపైన ఉంటే 100 మి.గ్రా., ఒక మి.లీ. తొడ ముందు పక్క కండలో వేస్తారు. మామూలు టీకాలతో కలిపి అదే రోజు ఇవ్వొచ్చు. ఇందులో వైరస్ గానీ వైరస్ భాగం గానీ ఉండదు కాబట్టి మిగతా టీకాల పనికి అడ్డు రాదు. దుష్ప్రభావాలు తక్కువ. ప్రయోగాల్లో నూటికి ఒకరి కంటే తక్కువమందికి దద్దుర్లు వచ్చాయి, సూది వేసిన చోట వాపు అంతకన్నా అరుదు. తీవ్రమైన అలర్జీ చాలా అరుదుగా వస్తుంది గనుక వేశాక కాసేపు అక్కడే కూర్చోబెడతారు.

వైద్యుడి దాకా వెళ్లాల్సినంత ఆర్‌ఎస్‌వీ జబ్బును ఇది 74.5 శాతం తగ్గించిందని మెలొడీ ప్రయోగంలో తేలింది. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్‌లలో జరిగిన హార్మొనీ ప్రయోగంలో ఆస్పత్రి చేరికలు 83 శాతం తగ్గాయి. ప్రయోగశాల లెక్కలు బయట నిలబడతాయా అన్న అనుమానానికి స్పెయిన్‌లోని గలీసియా జవాబిచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడ పసిబిడ్డలందరికీ ఉచితంగా వేయడం మొదలుపెట్టారు. 90 శాతం పైగా పిల్లలకు అందింది. ఆస్పత్రి చేరికల మీద 82 శాతం రక్షణ కనబడింది. ఇవన్నీ డాక్టరు దాకానో ఆస్పత్రి దాకానో వెళ్లే జబ్బు మీద లెక్కలు. సూది వేసిన బిడ్డకు జలుబు రాదని కాదు. ముక్కు కారొచ్చు, పరీక్షలో ఆర్‌ఎస్‌వీ పాజిటివ్ కూడా రావొచ్చు. మందు పనిచేయలేదని దానర్థం కాదు.

2025 జూన్‌లో మెర్క్ కంపెనీ తయారుచేసిన క్లెస్రోవిమాబ్ అనే యాంటీబాడీకి కూడా అమెరికా అనుమతి ఇచ్చింది. బరువుతో పనిలేకుండా అందరికీ ఒకటే మోతాదు, 105 మి.గ్రా. వైరస్ మీద అది పట్టుకునే చోటు వేరు. ఈ తేడాకు విలువుంది. సుప్టావుమాబ్ అనే మరో యాంటీబాడీ 2017లో చివరి దశ ప్రయోగంలో బోల్తాపడింది, ఎందుకంటే ఆర్‌ఎస్‌వీ-బి రకం వైరస్ సరిగ్గా అది పట్టుకునే చోటే మారిపోయింది. ఒకే మందు మీద ఆధారపడితే ఆ ముప్పు ఎప్పుడూ ఉంటుంది.

తల్లికి వేసే టీకా

ఫైజర్ టీకా పేరు అబ్రిస్వో. ఎఫ్ ప్రొటీన్ మొదటి రూపాన్ని బిగించి, ఏ, బీ రకాలవి చెరో 60 మైక్రోగ్రాములు కలుపుతారు. తల్లి ఒళ్లు యాంటీబాడీలు తయారుచేస్తుంది. మాయ వాటిని బిడ్డకు పంపుతుంది. మాయ ఈ పనిని ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే చేస్తుంది. నెలలు తక్కువ పుట్టిన బిడ్డకు అరువు సరిగా అందకపోవడానికి కారణం అదే.

ఈ టీకా మీద జరిగిన మాటిస్ ప్రయోగంలో తీవ్ర జబ్బు మీద మొదటి 90 రోజుల్లో 81.8 శాతం, 180 రోజుల్లో 69.4 శాతం రక్షణ వచ్చింది. అంకెలు తగ్గుతున్న తీరు చూడండి, అరువు కరుగుతున్న తీరే అది. టీకా వేసిన రోజు నుంచి కాన్పుకు కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలి. ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనంలో తల్లి ఎప్పుడు టీకా తీసుకున్నా అందరినీ కలిపి లెక్కిస్తే ఆస్పత్రి చేరికల మీద 58 శాతం రక్షణ ఉంది. 14 రోజులకు మించి ముందే తీసుకున్నవాళ్లను వేరుచేస్తే అది 72 శాతం.

మరి నెలలు తక్కువ కాన్పు భయం? అది ఊరికే పుట్టింది కాదు. గర్భిణుల కోసం జీఎస్‌కే కంపెనీ తయారుచేసిన వేరే టీకా ప్రయోగాన్ని 2022లో ఆపేశారు. టీకా పొందినవాళ్లలో 6.8 శాతం, పొందనివాళ్లలో 4.9 శాతం ముందస్తు కాన్పులు జరిగాయి. ఫైజర్ ప్రయోగంలో 5.7, 4.7 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కావొచ్చని గణాంకాలు చెప్పాయి గానీ ఎఫ్‌డీఏ జాగ్రత్తకే మొగ్గింది. 24వ వారం నుంచి ప్రయోగం జరిగినా, అనుమతి మాత్రం 32 నుంచి 36 వారాలకే ఇచ్చింది. ఆ దశలో పుట్టినా బిడ్డ నెలలు మరీ తక్కువ కావు. బ్రిటన్ 28వ వారం నుంచి ఇస్తోంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు కూడా 28 నుంచే. ఒకే సమాచారాన్ని ఇద్దరు రెండు రకాలుగా తూచారు. బ్రిటన్ పద్ధతిలో ముందే పుట్టే కొందరు బిడ్డలకూ రక్షణ అందుతుంది.

తేదీల లెక్క

2023లో మొదలైన అమెరికా పద్ధతి ఇదీ. తల్లి టీకా సెప్టెంబరు నుంచి జనవరి దాకా. బిడ్డ సూది అక్టోబరు నుంచి మార్చి దాకా, 8 నెలల లోపు వయసువాళ్లకు. రెండూ అక్కర్లేదు, ఏదో ఒకటి చాలు.

కాన్పు తేదీ ఫిబ్రవరి 10 అనుకోండి. 32 వారాలు నిండేది డిసెంబరు 16న, 36 వారాల 6 రోజులయ్యేది జనవరి 19న. తల్లికి టీకా వేయించుకునే వీలు ఈ రెండు తేదీల మధ్యనే. జనవరి 15న వేయించుకున్నాక 25నే నొప్పులొస్తే మధ్యలో పది రోజులే, కాబట్టి బిడ్డకు సూది వేయించాల్సిందే. కాన్పు తేదీ మే 10 అయితే 32 వారాలు నిండేసరికి మార్చి మధ్య, తల్లి టీకా గడువు దాటిపోయింది. ఆ బిడ్డకు అక్టోబరులో, ఐదో నెలలో వేయించాలి. అప్పటికి 5 కిలోలు దాటి ఉంటాడు కాబట్టి 100 మి.గ్రా.

మొదటి కాన్పులో తల్లి టీకా వేయించుకుంటే రెండో కాన్పులో మళ్లీ వేయరు. రెండో బిడ్డకు సూదే దారి. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. "పోయినసారి వేయించుకున్నాగా" అని ఊరుకుంటే రెండో బిడ్డ ఏ రక్షణా లేకుండా మిగిలిపోతుంది. గుండె శస్త్రచికిత్సలో బైపాస్ యంత్రం మీద పెట్టిన బిడ్డకు రక్తంలో యాంటీబాడీలు పలచబడతాయి, మళ్లీ ఇవ్వాలి. నెలలు తక్కువ పుట్టడం వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుకు ఇంకా చికిత్సలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తక్కువున్నవాళ్లలాంటి కొందరికి రెండో సీజన్‌లో కూడా, 8 నుంచి 19 నెలల వయసులో, 200 మి.గ్రా. నిర్సెవిమాబ్ వేస్తారు.

ఏది ఎంచుకోవాలంటే, పుట్టిన వారంలోపు ఆస్పత్రిలోనే బిడ్డకు సూది దొరుకుతుందన్న భరోసా ఉంటే అదే సులువు. కాన్పు తేదీతో, మాయతో పని లేదు. ఆ భరోసా లేకపోతే, 32 వారాలు నిండి సీజన్ నడుస్తుంటే, తల్లి టీకాను వదులుకోవడం తెలివైన పని కాదు. ముందస్తు కాన్పు చరిత్ర ఉన్నవాళ్లు డాక్టరుతో విడిగా మాట్లాడాలి.

సూది దగ్గర జరిగే తప్పులు

పేర్లు ఒకేలా వినబడటంతో అమెరికాలో తికమకలు జరిగాయి. పెద్దవాళ్లకు ఇచ్చే జీఎస్‌కే టీకా అరెక్స్‌వీని గర్భిణులకు వేశారు, తల్లులకు వేయాల్సిన టీకాను పిల్లలకు వేశారు. గర్భిణికి అనుమతి ఉన్నది అబ్రిస్వోకే. శిశువుకు బేఫోర్టస్ లేదా ఎన్‌ఫ్లోన్సియా, అంటే క్లెస్రోవిమాబ్. వేసే ముందు పెట్టె మీద పేరు చదివించుకోవడంలో తప్పేమీ లేదు. అబ్రిస్వో పొడిగా వస్తుంది, సిరంజిలోని ద్రవంతో కలపాలి, కలిపాక 4 గంటల్లో వాడేయాలి. బేఫోర్టస్ కలిపే పని లేకుండా నిండిన సిరంజిలోనే వస్తుంది. 50 మి.గ్రా. సిరంజి పిడి ఊదారంగు, 100 మి.గ్రా.ది లేత నీలం. 2023 శీతాకాలంలో 100 మి.గ్రా. సిరంజీలకు కొరత వచ్చినప్పుడు రెండు 50లు కలిపి ఒక పెద్ద బిడ్డకు వేయొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పింది. అలా వేస్తే ఇద్దరు చిన్నబిడ్డల వాటా ఒకరికే పోతుంది.

మన వైపు

అక్టోబరు నుంచి మార్చి అన్నది అమెరికా చలికాలపు లెక్క. ఉత్తర భారతంలో ఆర్‌ఎస్‌వీ చలితో పెరిగితే దక్షిణాదిలో వానలతో ముడిపడి ఉంటుంది. బ్రిటన్‌లో తల్లి టీకాను ఏడాది పొడవునా ఇస్తారు. సీజన్ గీత తిన్నగా లేని మనలాంటి చోట్లకు ఆ పద్ధతే నప్పుతుందనిపిస్తుంది. 2025 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అబ్రిస్వోకు ముందస్తు అర్హత ఇచ్చింది. అంతర్జాతీయ సంస్థలు కొని పేద దేశాలకు పంపడానికి అది దారి.

హైదరాబాద్‌లో పురుడు పోసుకుని నాలుగు నెలల బిడ్డతో డిసెంబరులో అమెరికా వెళ్లే తల్లి, అక్కడ దిగగానే పిల్లల డాక్టరును ఈ సూది గురించి అడగాలి. బిడ్డ 8 నెలల లోపే, సీజన్ నడుస్తోంది, అర్హత ఉంది.

సూది అందని ఇళ్లలో బిడ్డను కాపాడేది జనం తగ్గడం, చేతులు కడగడం. బారసాలకు వచ్చినవాళ్లలో జలుబున్నవాళ్లు బిడ్డను ఎత్తుకోకూడదు, ముద్దు పెట్టకూడదు. మొహమాటపడాల్సిన విషయం కాదిది. బడికో అంగన్‌వాడీకో వెళ్లే అక్క, అన్నే చాలా ఇళ్లలో వైరస్‌ను మోసుకొస్తారు. గట్టి ఉపరితలాల మీద అది గంటల తరబడి బతుకుతుంది. స్నానం పోశాక వేసే సాంబ్రాణి పొగ ఆ గాలి గొట్టాలను ఇంకా రేపుతుంది. ముక్కులో నూనె, ఆముదం చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి వేరే రకం న్యుమోనియా తెస్తాయి. ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు చాలు, పాలు పట్టే ముందు వేస్తే బిడ్డ తాగగలుగుతుంది.

జలుబు మొదలైన మూడు నుంచి ఐదో రోజు మధ్య జబ్బు ముదురుతుంది. ఆ రోజుల్లో బిడ్డ పడుకుని ఉండగా చొక్కా తీసి నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50 లేదా అంతకు మించితే ఆస్పత్రికి వెళ్లాలి. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, మామూలుగా తాగే పాలలో సగం కూడా తాగకపోయినా, ఆరు నుంచి ఎనిమిది గంటలుగా గుడ్డ తడవకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, పెదాలు నీలంగా మారితే 108కి ఫోన్ చేయండి.